ఎల్లోస్టోన్ సరస్సులో పడవ వేసుకుని చేపలు పట్టాలంటే

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం, ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు. సముద్రమట్టానికి 7,733 అడుగుల ఎత్తున, సుమారు 132 చదరపు మైళ్ల నీళ్లు. ఒడ్డు పొడవు 141 మైళ్లు. స్టీవెన్‌సన్ దీవికి తూర్పున లోతు దాదాపు 400 అడుగులు. రోడ్డు పడమర, ఉత్తరం వైపులే ఆనుకుని వెళ్తుంది. తూర్పు, దక్షిణం ఒడ్లకు చేరాలంటే పడవ ఎక్కాలి, లేదా నడవాలి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు.

మన వైపు చెరువుగట్టు మీద గాలం వేసిన అలవాటుతో ఇక్కడికి వచ్చేవారికి రెండు విషయాలు కొత్తగా ఉంటాయి. మొదటిది గాలి: మధ్యాహ్నం ఎప్పుడు లేస్తుందో దాన్నిబట్టే రోజంతా నడుస్తుంది. రెండోది చేప: ఇక్కడ కట్‌త్రోట్ అనే రకాన్ని పట్టినా తప్పనిసరిగా వదిలేయాలి, లేక్ ట్రౌట్ అనే ఇంకో రకాన్ని పడితే తప్పనిసరిగా చంపాలి. ప్రయాణం ఏర్పాట్లన్నీ ఈ రెండింటి చుట్టూ చేసుకోండి.

ముందు తేదీ చూసుకోండి

వేట సీజన్ మే నెలాఖరులో, మెమోరియల్ డే ముందు శనివారం మొదలై అక్టోబర్ 31తో ముగుస్తుంది. కానీ సీజన్ మొదలైందని సరస్సు తెరుచుకోదు. మంచు పలక మే చివరివారంలోనో జూన్ మొదటివారంలోనో కరుగుతుంది. విమానం టికెట్లు కొనేముందు మంచు ఎంతవరకు కరిగింది, పడవలు దించే ర్యాంపులు తెరిచారా అని పార్కు వెబ్‌సైట్‌లో చూడండి. ర్యాంపులు రెండే: బ్రిడ్జ్ బే, గ్రాంట్ విలేజ్.

లేక్ ట్రౌట్‌కు చల్లని నీళ్లే ఇష్టం, 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర. అందుకే జూన్‌లో పైనీళ్లు ఇంకా చల్లగా ఉన్నప్పుడు 10-30 అడుగుల లోతులోనే దొరుకుతుంది. జులై, ఆగస్టుల్లో 60-100 అడుగులకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగిపోతుంది. సెప్టెంబర్‌లో గుడ్లు పెట్టడానికి రాళ్ల గట్ల దగ్గరికి మళ్లీ పైకి వస్తుంది. లోతుకు ఎర దించే సామాను లేనివారు జూన్ రెండో సగం ఎంచుకోండి. ఆగస్టులో వచ్చి మామూలు రాడ్డుతో పైన తిప్పితే కట్‌త్రోట్ మాత్రమే పడుతుంది. దాన్ని వదిలేయాల్సిందే.

అనుమతులు

ఈ పార్కులో రాష్ట్రాల ఫిషింగ్ లైసెన్సులు చెల్లవు. పార్కు సొంత పర్మిట్ కావాలి. 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ విడిగా: 3 రోజులకు 40 డాలర్లు, 7 రోజులకు 55, సీజన్ మొత్తానికి 75. రుసుములు మారుతుంటాయి కాబట్టి కొనేరోజు సరిచూసుకోండి. పడవకు మరో పర్మిట్ ఉంటుంది, దానికి ముందు తనిఖీ జరుగుతుంది.

చాలామంది ప్రయాణం ఆగిపోయేది ఈ తనిఖీ దగ్గరే. క్వాగా, జీబ్రా అనే గోరంత నత్తగుల్లలు పడవ అడుగున, ఇంజిన్ గొట్టాల్లో మిగిలిన నీళ్లలో దాక్కుని ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు పాకుతాయి. ఒకసారి వచ్చాక వాటిని తీసేయడం ఎవరివల్లా కాదు. అందుకని ఇంట్లో బయల్దేరేముందే పడవను శుభ్రంగా కడిగి, నీళ్లన్నీ కార్చి, డ్రెయిన్ ప్లగ్ (పడవ అడుగున నీళ్లు పోయే రంధ్రం బిరడా) ఊడదీసి, పూర్తిగా ఆరబెట్టండి. లంగరు తాడు, లైవ్‌వెల్ (పట్టిన చేపను బతికించి ఉంచే తొట్టి), లైఫ్ జాకెట్లు కూడా పొడిగా ఉండాలి. తడి కనిపిస్తే వెనక్కి పంపుతారు. నత్తగుల్లలు పట్టిన చరిత్ర ఉన్న పడవను ఎంత కడిగినా లోపలికి రానివ్వరు. ఇన్‌బోర్డ్ ఇంజిన్ పడవలకు, తెరచాప పడవలకు 30 రోజుల ఆరబెట్టు గడువు ఉంది. వయోమింగ్‌లోకి వచ్చే దారిలో రాష్ట్ర తనిఖీ కేంద్రం తెరిచి ఉంటే పడవ ఉన్న ప్రతి వాహనం ఆగాలి, చిన్న కయాక్ అయినా సరే.

విమానంలో వచ్చేవారు బ్రిడ్జ్ బేలో మోటారు పడవ అద్దెకు తీసుకోవచ్చు, గైడ్‌తో వెళ్లే ట్రిప్పులూ అక్కడే ఉంటాయి. మొదటిసారి అయితే ఒక పూట గైడ్‌తో వెళ్లడం మంచి ఖర్చు.

పడవ, ఇంజిన్

మోటారు పడవ 16 అడుగులకు తక్కువ ఉంటే నడి సరస్సుకు వెళ్లకండి. అంచులు ఎత్తుగా ఉండాలి. చదును అడుగు పడవలు చెరువుకు బాగుంటాయి, ఇక్కడి పొట్టి, నిటారు అలలకు ముక్కు లోపలికి నీళ్లు తోడేస్తుంది.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచనవుతుంది, ఇంజిన్‌కు ఊపిరి తగ్గుతుంది. ప్రతి 1,000 అడుగులకు సుమారు 3 శాతం బలం పోతుంది. ఈ లెక్కన 40 హెచ్‌పీ ఇంజిన్ ఇక్కడ 31 దగ్గర పనిచేస్తుంది. ఊళ్లో నలుగురితో హాయిగా పరుగెత్తిన పడవ ఇక్కడ ముక్కు పైకెత్తి నీళ్లు దున్నుకుంటూ పోవడానికి కారణం ఇదే. దీనికి రెండు మార్గాలు. ఒకటి, పిచ్ (ఒక్క చుట్టుకు ముందుకు జరిగే దూరం) తక్కువ ఉన్న ప్రొపెల్లర్ బిగించడం. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150-200 ఆర్‌పీఎం తిరిగి వస్తుంది. రెండు, మనిషినో బరువునో తగ్గించడం. కార్బ్యురేటర్ ఉన్న పాత ఇంజిన్లలో పెట్రోలు పాలు ఎక్కువై నల్లపొగ వస్తుంది, ప్లగ్గులు మసిబారతాయి. అదనపు స్పార్క్ ప్లగ్గులు, వాటి స్పానర్ వెంట ఉంచుకోండి.

పెట్రోలుకు మూడు భాగాల లెక్క: వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, గాలికి ఒకటి. పూర్తి వేగంలో ఇంజిన్ గంటకు తన హెచ్‌పీలో పదో వంతు గ్యాలన్లు తాగుతుంది. 40 హెచ్‌పీకి 4 గ్యాలన్లు. ఎదురుగాలిలో తిరిగొచ్చేటప్పుడు వెళ్లినదానికి రెట్టింపు పట్టినా ఆశ్చర్యం లేదు.

పడవలో తప్పకుండా ఉండాల్సినవి:

- తలా ఒక లైఫ్ జాకెట్, ఒంటిమీదే. 13 ఏళ్లలోపు పిల్లలకు చట్టప్రకారం తప్పనిసరి, పెద్దలకు ఈ నీళ్ల ప్రకారం తప్పనిసరి.
- 16 అడుగులు, అంతకు మించిన పడవకు విసిరే కుషన్ ఒకటి.
- అగ్నిమాపక సిలిండర్, ఈల లేదా హారన్, తెడ్లు రెండు, నీళ్లు తోడే డబ్బా.
- ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ తాడు నడిపేవారి ఒంటికి కట్టి ఉండాలి. 26 అడుగులలోపు పడవలకు 2021 ఏప్రిల్ నుంచి ఇది ఫెడరల్ చట్టం.
- ఉపగ్రహంతో పనిచేసే మెసెంజర్. ఫోన్ వాటర్‌ప్రూఫ్ సంచిలో ఉన్నా సిగ్నల్ లేకపోతే దానితో పిలవలేరు.
- డ్రిఫ్ట్ సాక్. నీళ్లలో గొడుగులా విచ్చుకునే గుడ్డ సంచి. ఇంజిన్ ఆగిపోయినప్పుడు లంగరు పనికిరాదు. తాడు లోతుకు ఏడు రెట్లు కావాలి, 200 అడుగుల లోతులో అంత తాడు ఎవరూ తేరు. డ్రిఫ్ట్ సాక్ ముక్కుకు కట్టి వదిలితే పడవ అలలకు ఎదురు తిరిగి నిలుస్తుంది, పక్కకు తిరిగి బోల్తా పడదు.

బట్టల్లో జీన్స్, కాటన్ వద్దు. తడిస్తే ఒంటి వేడిని లాగేస్తాయి. జులై తెల్లవారుజామున కూడా గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంటుంది. లోపల ఉన్ని, పైన వానకోటు, చేతులకు తొడుగులు, పొడి బట్టల సంచి. కయాక్‌లో వెళ్లేవారు వెట్‌సూట్‌కో డ్రైసూట్‌కో డబ్బు పెట్టండి.

గాలాలు, ఎరలు

ఇక్కడ వానపాము, పిండి ఉండ, రొయ్య, వాసన పూసిన ఎర ఏవీ వాడకూడదు. కృత్రిమ ఎరలు, ఈకల ఈగలు మాత్రమే. మనిషికి ఒకే రాడ్డు. ఒక ఎరకు ఒకే గాలం. అది ఒంటి కొన, జంట కొన, మూడు కొనలది ఏదైనా కావచ్చు. కొనలో ఎదురుముల్లు ఉండకూడదు. దుకాణంలో కొన్న రాపాలా లాంటి ఎరకు ముందొకటి వెనకొకటి గాలాలు ఉంటాయి, ముందుది ఊడదీయండి. మిగిలినదాని ఎదురుముల్లును ప్లయర్స్‌తో నొక్కేయండి. సరిగా నొక్కారో లేదో తెలియాలంటే గుడ్డలో గుచ్చి లాగండి: దారం పట్టకుండా జారి వస్తే సరే. ఈ పని హోటల్ గదిలోనే ముగించండి, ఊగే పడవలో వేళ్లకు గుచ్చుకుంటుంది.

సీసం గుండ్లు, సీసం తలల జిగ్గులు నిషేధం. నీటిపక్షులు మింగి విషమెక్కి చస్తాయి. టంగ్‌స్టన్, టిన్, బిస్మత్ బరువులు తెచ్చుకోండి. పక్షి మింగలేనంత పెద్దవి గనుక 4 పౌండ్లకు మించిన డౌన్‌రిగ్గర్ (ఎరను లోతుకు దించే పడవ చక్రం) గుండు, సీసం తీగ ఉన్న లైను రెండింటికీ మినహాయింపు ఉంది.

ఇక లోతుకు దించే పద్ధతులు. డౌన్‌రిగ్గర్ ఉంటే అన్నిటికన్నా నయం: లైను 20-50 అడుగులు వెనక్కి వదిలి, గుండు క్లిప్పుకు తగిలించి, కావలసిన లోతుకు దించండి. అది లేకపోతే సీసం తీగ లైను. దాన్ని 10 గజాలకో రంగు చొప్పున రంగులు మార్చి నేస్తారు. గంటకు 2 మైళ్ల వేగంలో ఒక్కో రంగు సుమారు 5 అడుగులు కిందికి దిగుతుంది. పది రంగులూ వదిలితే 50 అడుగులు. వేగం పెంచితే ఎర పైకి తేలుతుంది, అది గుర్తుంచుకోండి. చివరన 8-10 పౌండ్ల బరువు ఆపే ఫ్లోరోకార్బన్ లీడర్ (ఎరకు ముందు కట్టే సన్నని దారం ముక్క), దానికి వెండి రంగు స్పూన్ (చెంచా ఆకారపు ఎర) లేదా ఊగే ప్లగ్గు (చేప ఆకారపు ఎర). జిగ్గింగ్ ఇష్టపడేవారు 1-2 ఔన్సుల బరువుతో తెల్ల ట్యూబ్ ఎరను నేలకు తాకించి, రెండు అడుగులు ఎత్తి వదులుతూ ఉండండి. సాధారణంగా ఎర కిందికి పడుతున్నప్పుడే చేప అందుకుంటుంది, కాబట్టి లైను వదులు కానివ్వకండి.

నీళ్లలోకి దిగే రోజు

కోడి కూసే వేళకు ర్యాంపు దగ్గర ఉండండి. వేటకు అనుమతి సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే, కానీ పడవ దించడానికి, సామాను సర్దడానికి ముప్పావుగంట పడుతుంది. ఒడ్డున ఉన్న ఒక మనిషికి కాగితం రాసి ఇవ్వండి: పడవ రంగు, ఎందరున్నారు, ఎటు వెళ్తున్నారు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఆ వేళ దాటితే 911కి ఫోన్ చేయాలి.

పన్నెండుకల్లా ఒడ్డు చేరేలా లెక్క వేసుకోండి. పొద్దున అద్దంలా ఉండే నీళ్లు మధ్యాహ్నానికి నైరుతి గాలికి లేస్తాయి. నైరుతి మూల నుంచి ఈశాన్యం దాకా అడ్డు లేని నీళ్లు కాబట్టి అల పోయేకొద్దీ పెరుగుతుంది. తూర్పు, ఉత్తరం ఒడ్ల దగ్గర నిమిషాల మీద 3-4 అడుగుల అలలు పుడతాయి. మీరు తూర్పు ఒడ్డున ఉన్నప్పుడు గాలి లేచిందంటే ఇంటిదారి అంతా ఎదురలలే. అందుకని మొదటి ప్రయాణంలో నడి సరస్సు దాటకండి. గ్రాంట్ నుంచి అయితే వెస్ట్ థంబ్ అనే పడమటి పాయ లోపలే, బ్రిడ్జ్ బే నుంచి అయితే స్టీవెన్‌సన్ దీవికి ఇవతలే తిరగండి. నైరుతి కొండల మీద మబ్బు పేరుకోవడం, నీళ్ల మీద దూరంగా నల్లటి గీత కదలడం, తెల్లనురగ కనిపించడం, ఈ మూడింటిలో ఏది చూసినా లైన్లు చుట్టేయండి. చేప పడుతున్నా సరే. ఉరుము వినబడితే రాడ్లు కింద పడుకోబెట్టి దగ్గరి ఒడ్డుకు పోండి, మీ కారు ఉన్న ఒడ్డుకే పోవాలని పట్టుబట్టకండి.

అలల్లో చిక్కితే వేగం తగ్గించి, పడవ ముక్కును అలకు ఏటవాలుగా, 30-45 డిగ్రీల కోణంలో పెట్టి నడపండి. అందరూ పడవ అడుగున కూర్చోవాలి.

ఈ జాగ్రత్తంతా ఎందుకంటే ఇక్కడి నీళ్లు ఎండాకాలం పైభాగంలో కూడా 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటడం అరుదు. జూన్‌లో 40ల్లోనే ఉంటాయి. ఈతగాళ్లకూ మినహాయింపు లేదు. చల్లని నీళ్ల రక్షణ పాఠాల్లో 1-10-1 అని చెప్పే లెక్క మనసులో పెట్టుకోండి. పడిన మొదటి 1 నిమిషం ఊపిరి ఎగబీలుస్తుంది, అప్పుడు నోట్లోకి నీళ్లు పోతే అంతే. లైఫ్ జాకెట్ ఆ నిమిషం దాటిస్తుంది. తర్వాత 10 నిమిషాలు చేతులు మాట వింటాయి, ఈలోపే పడవ ఎక్కాలి. చలికి స్పృహ తప్పేలోగా సుమారు 1 గంట ఉంటుంది. పడవ బోల్తా పడితే ఒడ్డు దగ్గరగా కనిపించినా ఈదకండి, బోర్లాపడిన పడవ మీదికే పాకండి. ఒంటిలో ఎంత భాగం నీళ్ల బయట ఉంటే అంత సమయం మిగులుతుంది.

చేప ఉన్న చోటు

లేక్ ట్రౌట్ నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. లోతు చూపే సోనార్ తెర మీద నేల ఒక్కసారిగా కిందికి జారే అంచులు వెతకండి: 40 అడుగుల నుంచి 90కి పడిపోయే చోట్లు, దీవుల వాలు, ముందుకు పొడుచుకొచ్చిన కొసలు. ఎర నేలకు 3-5 అడుగుల పైన నడవాలి. గంటకు 1.5 నుంచి 2.5 మైళ్ల వేగం. తిన్నగా పోకుండా పాములా మెలికలు తిరగండి. మలుపులో బయటి వైపు ఎర వేగం పెరిగి, లోపలి వైపు ఎర కిందికి దిగుతుంది. ఏ వైపు పడిందో చూస్తే చేపకు ఏ వేగం, ఏ లోతు నచ్చిందో తెలుస్తుంది. గంటసేపు ఏమీ పడకపోతే ఎర రంగు మార్చే ముందు లోతు మార్చండి.

బోయాలు వరసగా కనిపిస్తే దూరంగా తప్పుకోండి. పార్కు వాళ్లు లేక్ ట్రౌట్ కోసం వేసిన వలలవి, ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే రెండు పక్షాలకూ నష్టం. ఆగ్నేయ పాయలో గూడబాతులు గుడ్లు పెట్టే మోలీ దీవులకు పావు మైలు లోపలికి వెళ్లకూడదు. దక్షిణపు పాయల్లో మోటారుకు గంటకు 5 మైళ్ల హద్దు ఉంది, దక్షిణం, ఆగ్నేయం పాయల చిట్టచివర తెడ్డు పడవలకే ప్రవేశం. ఫిషింగ్ బ్రిడ్జ్ పేరు చూసి అక్కడ గాలం వేయబోయేవారు ఉంటారు. ఆ వంతెన మీద వేట 1973లోనే ఆపేశారు.

చేతికొచ్చిన చేప ఏది?

పడవలోకి లాగేముందే పోల్చుకోవాలి. కింది దవడ అడుగున ఎర్రటి లేదా నారింజ రంగు గీత ఉంటే కట్‌త్రోట్. లేత పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు, తోక వైపు దట్టంగా. లేక్ ట్రౌట్ దీనికి తలకిందులు: ముదురు బూడిద ఒంటి మీద తెల్లని చుక్కలు, లోతుగా చీలిన తోక, దవడ కింద గీత ఉండదు.

కట్‌త్రోట్ ఈ సరస్సు సొంత బిడ్డ. చేతులు తడుపుకుని, నీళ్లలోనే ఉంచి, గాలం తీసి వదలండి. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటి జిగురు పోయి బూజు పడుతుంది. ఫొటో కావాలంటే ఊపిరి బిగబట్టి ఎత్తండి, మీకు ఊపిరి ఆడనప్పటికల్లా దానికీ ఆడదు.

లేక్ ట్రౌట్‌ను మాత్రం వదలకూడదు. ఎంత చిన్నదైనా, సంఖ్యకు హద్దు లేకుండా, పట్టిన ప్రతిదాన్నీ చంపాలన్నది ఇక్కడి నియమం. దీన్ని ఎవరో బయటినుంచి తెచ్చి వేశారు, 1994లో బయటపడింది. పెద్దదొక్కటి ఏడాదికి సుమారు 40 కట్‌త్రోట్‌లను మింగుతుంది. కట్‌త్రోట్ గుడ్లు పెట్టడానికి వాగుల్లోకి ఎక్కుతుంది, అక్కడ ఎలుగుబంట్లు, నీటికుక్కలు, గద్దలు దాన్ని తిని బతుకుతాయి. లేక్ ట్రౌట్ వాగుల్లోకి ఎక్కదు కాబట్టి వాటి నోటికి అందదు. ఒక చేప పోతే అడవిలో అన్ని నోళ్లకూ తిండి పోయింది. పార్కు వలలతో ఇప్పటికి 40 లక్షలకు పైగా తీసేశారు, కట్‌త్రోట్ మళ్లీ పుంజుకుంటోంది. మీరు పట్టే నాలుగూ ఆ పనిలో భాగమే, మనసు కష్టపెట్టుకోకండి.

తల మీద కర్రతో గట్టిగా ఒక్కటి కొట్టి, మొప్పలు కోసి రక్తం కార్చండి. రక్తం మిగిలితే నీచువాసన పెరుగుతుంది. వెంటనే ఐసులో పెట్టండి. చర్మం, తోక ఉంచితే రేంజర్ అడిగినప్పుడు ఏ చేపో చూపించవచ్చు. తినడం ఇష్టం లేకపోతే గాలితిత్తిని కత్తితో పొడిచి లోతు నీళ్లలో వదిలేయండి. పొడవకపోతే తేలి ఒడ్డుకు కొట్టుకొస్తుంది, వెనకే ఎలుగుబంటి వస్తుంది. శుభ్రం చేసిన పేగులు, తలలు కూడా అంతే: తిత్తి పొడిచి లోతులోకే. క్యాంపులో, ఒడ్డున, చెత్తకుండీ పక్కన చేప కోయవద్దు.

వండుకునేవారికి ఒక మాట: ఈ చేపలో కొవ్వు ఎక్కువ. 18-20 అంగుళాలవి పులుసుకు బాగుంటాయి. చింతపండు కాస్త చిక్కగా, మెంతులు ఒక చిటికెడు ఎక్కువగా వేస్తే కొవ్వు మొహం మొత్తదు. పెద్దవాటి పొట్ట భాగం కోసి తీసేయండి.

ఒడ్డు చేరాక

ఒడ్డు దిగే చోటల్లా బేర్ స్ప్రే (ఎలుగుబంటిని ఆపే కారపు పిచికారీ) నడుముకు ఉండాలి, సంచిలో కాదు. ఎలుగుబంటికి, తోడేలుకు 100 గజాలు, అడవిదున్నకు, ఇతర జంతువులకు 25 గజాలు దూరం. చేపల పెట్టె, ఎరల డబ్బా, చేప నీళ్లు పడిన చొక్కా అన్నీ కారులోనో ఎలుగుబంటి తెరవలేని ఇనుప పెట్టెలోనో పెట్టి తాళం వేయండి. డేరాలోకి తేవద్దు.

చివరిగా పడవ. ర్యాంపు పైన చదును నేల మీద ఆపి, ప్లగ్ ఊడదీసి, ముక్కు పైకెత్తి నీళ్లన్నీ పోనివ్వండి. ట్రైలర్ ఇరుసుకు, లంగరుకు పట్టిన నాచు చేత్తో తీసేయండి. ఇంజిన్‌ను నిటారుగా దించి గొట్టాల్లో నీళ్లు కారేదాకా ఉంచండి. ప్లగ్ మళ్లీ బిగించకుండా స్టీరింగ్‌కు కట్టి వేలాడదీయండి. మళ్లీ నీళ్లలో దించేటప్పుడు కళ్ల ముందే ఉంటుంది, మరచిపోరు.